రెండు మీటర్ల పోగు కణంలో ఎలా ఇమిడింది?

మీ ఒంట్లోని ఒక్క కణంలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు! కంటికి ఆనని కేంద్రకంలో అదెలా పట్టింది? నేతగాళ్లు నూలును కండెకు చుట్టినట్టు, హిస్టోన్లనే ప్రోటీన్లు ఎనిమిదేసి జట్టుకట్టి దాన్ని తమకు చుట్టుకుంటాయి. డీఎన్ఏది రుణావేశం, వాటిది ధనావేశం. అందుకే ఆ పట్టు. ఎవరు చూశారంటారా? శాస్త్రవేత్తలు కత్తిరించే ఎంజైమును వదిలితే డీఎన్ఏ ఎక్కడపడితే అక్కడ తెగలేదు. సుమారు 200, 400, 600 డీఎన్ఏ అక్షరాల (బేస్‌ల) జతలుండే ముక్కలైంది. చుట్టుకున్న భాగం ఎంజైముకు అందదు, నడుమ వదులుగా ఉన్నదే తెగుతుంది. చూడకుండానే కూపీ లాగిన ఈ సాక్ష్యం ఫొటో కన్నా ముచ్చటైనది! 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ఈ అమరికను ప్రతిపాదించారు. 1997లో ఎక్స్-కిరణాలు దాని రూపాన్ని వివరంగా చూపాయి.

ఇంత బిగిస్తే కణం దాన్ని చదివేదెలా అని అడగొచ్చు. బిగింపు శాశ్వతం కాదు. హిస్టోన్ల తోకలకు అసిటైల్ అనే చిన్న రసాయన తునక అంటుకుంటే ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది. అది ఊడితే మళ్లీ బిగుస్తుంది.