ముందుగా చేసిన అమరిక

పెద్ద దుకాణంలో యజమాని పద్దులు చెబుతూ ఉంటాడు. గుమాస్తా వాటిని చిట్టాలో రాస్తూ ఉంటాడు. "రాశావా?" అని యజమాని అడిగితే, రాయడం పూర్తయ్యాకే "రాశానండి" అనే గుమాస్తా ఒక రకం. పద్దును మనసులో పెట్టుకొని, తరువాత రాయవచ్చులే అనుకొని, ముందుగానే "రాశానండి" అనేవాడు మరొక రకం. రెండో వాడితో పని చకచకా సాగుతుంది. కాని సాయంత్రంలోగా అతడు ఆ పద్దులు మరచిపోతే? అవి చిట్టాలో ఉన్నాయనే నమ్మకంతో యజమాని నిశ్చింతగా ఉంటాడు.

కంప్యూటర్లలోనూ ఈ రెండు రకాల గుమాస్తాలు ఉన్నారు. ఒక కార్యాలయంలో ఎన్నో కంప్యూటర్లు ఉంటాయి. వాటి ఫైళ్లన్నింటినీ ఒకచోట దాచే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. మిగిలిన కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా తమ సమాచారాన్ని దానికి పంపుతాయి. ఇందుకు ఉపయోగించే పద్ధతుల్లో ఎన్ఎఫ్ఎస్, అంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, పేరు పొందినది. అమెరికాకు చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో దీన్ని ప్రవేశపెట్టింది. లినక్స్ కంప్యూటర్లలో ఇది నేటికీ వాడుకలో ఉంది.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లో ఎన్నో అమరికలు ఉంటాయి. వాటిని ఎవరి అవసరాన్ని బట్టి వారు మార్చుకోవచ్చు. కాని చాలామంది మార్చరు. అమరికలు ఉన్నాయన్న సంగతే కొందరికి తెలియదు. అప్పుడు తయారుచేసినవారు ముందుగా పెట్టి ఉంచిన అమరికే అమలులోకి వస్తుంది. దీనినే 'డిఫాల్ట్' అంటారు. అడగనివారి తరఫున మరొకరు ముందే చేసిన నిర్ణయం అది.

సర్వర్‌కు చేరిన సమాచారం మొదట దాని మెమరీలో నిలుస్తుంది. ఆ తరువాత డిస్క్ మీదికి వెళుతుంది. మెమరీ వేగమైనది, కాని కరెంటు పోతే అందులోనిది చెరిగిపోతుంది. డిస్క్ నెమ్మదైనది, కాని కరెంటు పోయినా రాసినది నిలుస్తుంది. డిస్క్ మీద రాశాకే "రాశాను" అని సర్వర్ జవాబిచ్చే అమరిక పేరు 'సింక్'. రాయకముందే జవాబిచ్చే అమరిక పేరు 'ఎసింక్'. లినక్స్‌లోని ఎన్ఎఫ్ఎస్ సాఫ్ట్‌వేర్‌లో 1.0.0 వెర్షన్ వరకు ఎసింక్ డిఫాల్ట్‌గా ఉండేది. ఆ తరువాతి వెర్షన్లలో సింక్‌ను డిఫాల్ట్ చేశారు. ఎసింక్ కావలసినవారు దాన్ని కోరి పెట్టుకోవాలి.

వేగాన్ని వదులుకొని ఈ మార్పు ఎందుకు చేసినట్లు? నెమ్మది కంటికి కనిపిస్తుంది. పని ఆలస్యమైతే వాడేవారే కారణం వెతుకుతారు, అమరికను మార్చుకుంటారు. నష్టం అలా ముందుగా కనిపించదు. కరెంటు పోయిన రోజునే అది బయటపడుతుంది. అప్పటికి దిద్దుకొనే అవకాశం ఉండదు.

ఈ చిక్కుకు మంచి ఉపాయం 1995లో వెలువడిన ఎన్ఎఫ్ఎస్ మూడవ వెర్షన్‌లో ఉంది. సర్వర్ "అందింది, ఇంకా రాయలేదు" అని నిజం చెప్పవచ్చు. అప్పుడు పంపిన కంప్యూటర్ తన దగ్గరి ప్రతిని పారవేయదు. డిస్క్ మీద రాసినట్లు సర్వర్ చెప్పేవరకు దాచి ఉంచుతుంది. మధ్యలో సర్వర్ ఆగి మళ్లీ మొదలైతే ఆ ప్రతిని తిరిగి పంపుతుంది. ఇందులో వేగమూ ఉంది, అబద్ధమూ లేదు.

డిఫాల్ట్‌కు సంబంధించినది మరొక విషయం ఉంది. లినక్స్‌లో సర్వాధికారాలు గల వాడుకరిని 'రూట్' అంటారు. తన కంప్యూటర్‌లో రూట్ అయినవాడు సర్వర్‌లోనూ రూట్ అయితే, అందరి ఫైళ్లూ అతడి చేతిలో ఉన్నట్లే. అందుకే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ అతడిని డిఫాల్ట్‌గా ఏ అధికారమూ లేని అనామకుడిగా చూస్తుంది. ఇంటి యజమాని పొరుగింట్లో అతిథే కదా!

ఇటువంటి జాగ్రత్త లోపిస్తే ఏమవుతుందో 2017లో తెలిసివచ్చింది. మాంగోడీబీ అనేది సమాచారాన్ని దాచే మరొక సాఫ్ట్‌వేర్. దాని తొలి వెర్షన్లు, అమరికలు మార్చకపోతే, నెట్‌వర్క్‌లో ఎవరు పిలిచినా పలికేవి, పాస్‌వర్డ్ అడిగేవి కావు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న అలాంటి డేటాబేసులను ఆ ఏడాది జనవరిలో దుండగులు వేల సంఖ్యలో తుడిచిపెట్టారు. సమాచారం కావాలంటే సొమ్ము చెల్లించమని చీటీలు వదిలారు. తలుపు తెరిచి ఉందన్న సంగతే తెలియనివారు అందులో నష్టపోయారు. ఆ ఏడాది చివర వచ్చిన 3.6 వెర్షన్ నుంచి ఈ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా తాను ఉన్న కంప్యూటర్‌కు మాత్రమే పలుకుతుంది. బయటివారికి తలుపు తీయాలంటే వాడేవారే తెలిసి తీయాలి.

అయితే కట్టుబాట్లు ఎంత ఎక్కువైతే అంత మేలని అనుకోరాదు. ప్రతి పనికీ అడ్డుపడే అమరికను విసుగెత్తినవారు పూర్తిగా తీసివేస్తారు. అప్పుడు ఉన్న రక్షణ కూడా పోతుంది. ఏమీ తెలియనివారికి నష్టం కలిగించక, తెలిసినవారికి మార్చుకొనే వీలు ఇచ్చేదే మంచి డిఫాల్ట్. దాన్ని నిర్ణయించేవారు ముందుగా తలచుకోవలసింది నిపుణుడిని కాదు, అమరికల జోలికే వెళ్లని సామాన్యుడిని.