రైలు టక్కున ఎందుకు ఆగదు?

గేటు పడ్డాక కూడా కొందరు బైకును ఓ పక్కకు వంచి, కడ్డీ కింద నుంచి దూరిపోతారు. రైలు ఇంకా కనిపించడం లేదుగా అని ధీమా!

రైలుది ఉక్కు చక్రం, కింద ఉక్కు పట్టా. రెండూ నున్ననివే. ఒక్కో చక్రం పట్టాను తాకే చోటు సుమారు రూపాయి బిళ్లంతే. అందుకే ఇంజను అంత బరువును సులువుగా లాగేస్తుంది. బ్రేకు వేసినప్పుడు పట్టు చాలనిదీ అందుకే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఆగేసరికి దాదాపు కిలోమీటరు దాటిపోవచ్చు. పక్కకు తప్పిద్దామన్నా లోకో పైలట్ చేతిలో స్టీరింగు ఉండదు.

గేటుకు ముందు పట్టాల పక్కన పసుపు పలక మీద ‘డబ్ల్యూ/ఎల్’ అని ఉంటుంది. అది కనబడగానే లోకో పైలట్ హారన్ మోగించాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న చెవికి అదేం వినిపిస్తుంది?

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. చిన్నపిల్లలు చనిపోయారు. ఆ క్రాసింగుకు గేటూ లేదు, కాపలా మనిషీ లేడు. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అలాంటి క్రాసింగులన్నిటినీ రైల్వే తీసేసింది. కొన్నిచోట్ల గేటు పెట్టి మనిషిని ఉంచింది, కొన్నిచోట్ల పట్టాల కింద నుంచి దారి తవ్వించింది. వానొస్తే ఆ దారుల్లో మోకాలి లోతు నీళ్లు నిలవడం మరో తలనొప్పి!