డేటా లేకుండా ఇంట్లో అందరి ఫోన్లలో టీవీ: ఒక డిష్, ఒక ట్యూనర్, ఫ్రీ సాఫ్ట్‌వేర్

ఈరోజు ఎపిసోడ్‌లో డిష్ కేబుల్‌ని సెట్‌టాప్ బాక్స్‌కి కాకుండా కంప్యూటర్‌కి పెట్టి, అక్కడి నుంచి ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ టీవీ ఎలా పంపాలో చూద్దాం. నెలనెలా రీఛార్జ్ ఉండదు, డేటా ఖర్చవదు, అసలు ఇంటర్నెట్ కనెక్షనే అక్కర్లేదు.

నేను మేడ మీద ఇది బిగిస్తుంటే పక్కింటి మావయ్య అడిగారు, "ఏటి బావూ, ఇంట్లో టీవీ ఉంది కదా, మళ్లీ ఆ కంప్యూటర్ ఎందుకు?" అని. మంచి ప్రశ్న. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు: తుపాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్ సిగ్నల్ పోయింది. చాలా ఊళ్లలో రోజుల తరబడి అదే పరిస్థితి. మన ఫోన్‌కి ఒక వార్త రావాలంటే దగ్గర్లో టవర్ నిలబడి ఉండాలి, దానికి కరెంటు ఉండాలి, వెనకాల ఫైబర్ తెగకుండా ఉండాలి. శాటిలైట్ టీవీకి ఇవేవీ అక్కర్లేదు. సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల పైనుంచి నేరుగా మన మేడ మీద పడుతుంది. దాన్ని ఫోన్ దాకా తెచ్చుకోవడమే మన పని.

ముందు, ఈ సిగ్నల్ ఎవరిది? దూరదర్శన్‌ది. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఉచిత డీటీహెచ్ సర్వీసే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. ఇది జీశాట్-15 నుంచి వస్తుంది. 2015 నవంబర్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద పంపిన మన ఇస్రో ఉపగ్రహం అది. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది.

"డిష్ ఎందుకు, పాత యాంటెన్నా చాలదా?" అంటారేమో. దూరదర్శన్ 2016లో టవర్ల నుంచి డిజిటల్ టీవీని 16 నగరాల్లో మొదలుపెట్టింది. ఆ లిస్టులో తెలుగు రాష్ట్రాల నగరం ఒక్కటీ లేదు. కాబట్టి మనకి డిష్షే దారి.

డిష్ ఎటు తిప్పాలో లెక్క వేసి చెప్తున్నా. శ్రీకాకుళం, విజయనగరం రెండింట్లోనూ ఫోన్ కంపాస్‌లో 150 నుంచి 152 డిగ్రీలు. అంటే దక్షిణం నుంచి తూర్పుకి సుమారు 28, 30 డిగ్రీలు. ఎత్తు నేల నుంచి 66 డిగ్రీలు. మనం వాడే ఆఫ్‌సెట్ డిష్ చూడ్డానికి ఇంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, దాని డిజైనే అంత, కంగారు పడకండి. పైన ఆ దిక్కులో కొబ్బరి మట్టలు అడ్డు లేకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఉదాహరణకి ఒక ట్రాన్స్‌పాండర్ 11090 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ కేబుల్‌లో మేడ దిగేలోపే నీరసించిపోతుంది. అందుకే డిష్ ముందున్న ఎల్ఎన్‌బీ దాంట్లోంచి 9750 తీసేసి, 1340 మెగాహెర్ట్జ్‌గా కిందకి పంపుతుంది.

ఒక ట్రాన్స్‌పాండర్‌లో ఒక్క ఛానెలే ఉండదు. విజయనగరం జంక్షన్‌లో ఆగే రైలు అనుకోండి. చాలా పెట్టెలు, ఒక్కో పెట్టె ఒక్కో ఛానెల్. డేటా అంతా 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది, ప్రతి ప్యాకెట్ మీదా నంబర్ ఉంటుంది, దాన్ని బట్టి ఏది ఏ పెట్టెదో తెలుస్తుంది. మామూలు సెట్‌టాప్ బాక్స్ మీరు అడిగిన ఒక్క పెట్టె తలుపే తీస్తుంది. కంప్యూటర్ అలా కాదు. ఒక్క ట్యూనర్‌తోనే ఆ రైల్లోని ఛానెళ్లు అన్నీ విడదీసి ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఇవ్వగలదు. వేరే రైలు కావాలంటే మాత్రం రెండో ట్యూనర్ ఉండాలి.

కావాల్సినవి: డీవీబీ-ఎస్2 ట్యూనర్, లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్, టీవీహెడ్‌ఎండ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ట్యూనర్ కొనే ముందు లినక్స్ టీవీ వికీలో దాని మోడల్, వెర్షన్ రెండూ చూడండి. ఒకే పేరుతో వచ్చినా వెర్షన్ మారితే లోపల చిప్ మారిపోవచ్చు. కొన్నిటికి ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా పెట్టాలి.

టీవీహెడ్‌ఎండ్ పెట్టాక బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్, కోలన్, 9981 కొట్టండి. ట్యూనర్‌ని ఆన్ చేసి, డీవీబీ-ఎస్ నెట్‌వర్క్ ఒకటి క్రియేట్ చేసి, ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500 ఇచ్చి స్కాన్ పెట్టండి. మిగతా ట్రాన్స్‌పాండర్లకీ ఇదే పద్ధతి. దొరికిన సర్వీసులని ఛానెళ్లుగా మ్యాప్ చేయండి. తర్వాత ఫోన్‌లో వీఎల్‌సీలో ఆ ప్లేలిస్ట్ ఓపెన్ చేస్తే చాలు. బ్రౌజర్‌లో ఎందుకు కాదంటే, ఫ్రీ డిష్‌లో చాలా ఛానెళ్లు ఎంపెగ్-2లో వస్తాయి, ఫోన్ బ్రౌజర్లు దాన్ని ప్లే చేయవు. వీఎల్‌సీ చేస్తుంది.

అన్నట్టు, వీఎల్‌సీ పుట్టిందే ఈ పని కోసం. 1996లో పారిస్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ స్టూడెంట్లు శాటిలైట్ టీవీని క్యాంపస్ నెట్‌వర్క్‌లో అందరికీ పంపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2001లో జీపీఎల్ లైసెన్స్ కింద ప్రపంచానికి ఇచ్చేశారు. మనం సినిమాలు చూసే ప్లేయర్ అసలు కథ అదీ.

ఇప్పుడు దీనితో కానివి కూడా చెప్పాలి. పే ఛానెళ్లు రావు, అవి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. వాటిని తెరిచే దొంగ దారులు చట్టవిరుద్ధం, అడగొద్దు. ఫ్రీ డిష్‌లో హిందీ ఛానెళ్లే ఎక్కువ. తెలుగుకి మన దూరదర్శన్ సప్తగిరి ఉంది, ఆకాశవాణి రేడియో ఛానెళ్లూ ఉన్నాయి. ఇంకోటి, ఈ ఫ్రీక్వెన్సీలు కుండపోత వానని తట్టుకోలేవు. తుపాను సరిగ్గా మీద ఉన్నప్పుడు బొమ్మ ఆగిపోతుంది, గాలికి డిష్ కూడా తిరిగిపోవచ్చు. దీని అసలు ఉపయోగం తుపానుకి ముందు రోజు, వాన తగ్గాక వచ్చే నాలుగైదు రోజులు. అందుకే డిష్ సరిగ్గా ఉన్నప్పుడే స్టాండ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. కదిలినా రెండు నిమిషాల్లో మళ్లీ అక్కడికే తేవచ్చు.

కరెంటు సంగతి. చాలా ట్యూనర్ బాక్సులు 12 వోల్టుల మీదే నడుస్తాయి, లేబుల్ చూసి బ్యాటరీ పెట్టుకోవచ్చు. రౌటర్ లేకపోయినా ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ సరిపోతుంది. అప్పుడు మీ ఇంటి వాళ్లే కాదు, గోడ అవతలి వాళ్లు కూడా వాళ్ల ఫోన్లో వార్తలు చూడొచ్చు.

మనకి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లోనే వస్తాయి. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబర్‌వే. అందుకే ఇది ఆగస్టులోనే బిగించి, ఒకసారి ఇంటర్నెట్ మొత్తం ఆపేసి, కరెంటు మెయిన్ కూడా ఆపేసి టెస్ట్ చేయండి. అప్పుడు కూడా ఫోన్లో సప్తగిరి వచ్చిందంటే మీ సెటప్ రెడీ. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో ప్రోగ్రాములు ఆటోమేటిక్‌గా రికార్డ్ చేయడం చూద్దాం.