స్వామి దిగివచ్చిన వేళ కొండ ఎక్కేవారికి

కార్తిక శుద్ధ విదియ, మనం భగినీహస్త భోజనం చేసేనాడు, కేదారనాథుని ఆలయ ద్వారాలు మూసుకుంటాయి. ఉత్సవమూర్తి పల్లకిలో ఉఖీమఠంలోని ఓంకారేశ్వరాలయానికి తరలివస్తుంది. బదరీనాథుని శీతకాల పూజలు పాండుకేశ్వరం, జ్యోతిర్మఠాలలో జరుగుతాయి. గంగమ్మ ముఖ్బాకు, యమునమ్మ ఖర్సాలీకి చేరుకుంటారు. మంచు ముంచుకొచ్చే ముందే దేవతలను దిగువకు తెచ్చుకోవాలని పూర్వులు నిర్ణయించారు. ఈ ఏర్పాటును మరచి, మాఘమాసంలో మంచుకొండ ఎక్కి తీరాలని పట్టుబట్టే ఆస్తికులకే ఈ నాలుగు మాటలు.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దాటాక మాణా గ్రామం వద్ద రహదారి పనివారి శిబిరంపై మంచు చరియ విరిగిపడింది. చిక్కుకున్న 54 మందిలో ఎనిమిది మంది మరణించారు. వారు జీవనోపాధికి వెళ్ళినవారు. మనం కోరి వెళ్ళేవారం.

కొత్తగా కురిసిన మంచు పాత పొరకు అతుక్కోవడానికి వ్యవధి కావాలి. ఈలోగా పైన బరువు పెరిగినా, గాలి మంచును ఒకవైపు పోగుచేసినా, ఎండకు సడలినా పొర మొత్తం జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం అధికం. ఆ చివరి బరువు యాత్రికుని అడుగే కావచ్చు. తాము నిలిచింది చదునైన చోటే కదా అని ధీమా వద్దు. పైనుంచి జారినది వచ్చి ఆగేది అక్కడే.

కనుక భారీగా మంచు కురిశాక కనీసం రెండు రోజులైనా ఆగండి. అంతమాత్రాన దారి నిరపాయమని తలచవద్దు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన విభాగం డీజీఆర్ఈ వెలువరించే మంచు చరియల హెచ్చరికలను బయలుదేరే ముందు తెలుసుకోండి. తెల్లవారగానే నడక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే తిరిగిరండి. అనుమానమున్న వాలును తప్పించుకు పోవడమే మేలు. దాటక తప్పకపోతే ఒక్కొక్కరుగా దాటాలి. అడుగు కింద మంచు ‘ధబ్’మని కుంగినా, పగులు పారినా వెనుదిరగండి. మంచులో కూరుకుపోయినవారు బతికే అవకాశం పదిహేను నిమిషాలు దాటితే వేగంగా తగ్గిపోతుంది. బయటి సాయం అంతలో రాదు. వెలికితీయవలసింది తోటివారే. అందుకే ఒంటరి ప్రయాణం కూడదు. సంకేతయంత్రం, పొడవాటి శోధన కడ్డీ, పార ప్రతివారి వద్దా ఉండాలి, వాడడం వచ్చి ఉండాలి.

నేనూ ఒకప్పుడు పట్టుబట్టినవాడినే. చోప్తా నుంచి తుంగనాథ్‌కు నడుద్దామన్నాను. ముందురోజు రాత్రంతా మంచు కురిసింది. దారి చూపవలసిన స్థానికుడు, “పండిత్‌జీ, ఈరోజు కాదు” అని కూర్చుండిపోయాడు. ఇంత దూరం వచ్చి వెనుదిరగడమా అని కోపగించుకున్నాను కూడా. ఆనాడు అక్కడ చరియ పడిందో లేదో నాకు తెలియదు. పడకపోయినా అతని మాట తప్పుకాదు. మధ్యాహ్నానికి మక్కుమఠం చేరాము. శీతకాలమంతా తుంగనాథుడు అక్కడే పూజలందుకుంటాడు. గర్భాలయంలో దీపం వెలుగుతోంది. నేను రుద్రం మొదలుపెట్టాను.