తుపాను గీత మీద నడవదు

“తుపాను అన్నారు, చినుకైనా పడలేదు.” మన నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. బోధన్, వర్ని వైపు కోతలు ముందే మొదలవుతాయి గనుక అక్టోబరు చివరికి వడ్లు కల్లాల్లోనూ రోడ్ల పక్కనా ఆరుతుంటాయి. హెచ్చరిక నమ్మి కుప్పచేసి కప్పితే గింజ ఆరదు. నమ్మకపోతే తడుస్తుంది. రైతుకు రెండూ నష్టమే.

తుపాను తనంతట తాను దారి ఎంచుకోదు. చుట్టూ ఉన్న పైగాలులు, అధిక పీడన ప్రాంతాలు దాన్ని నెట్టుకుపోతాయి. ఆ గాలులు బలహీనంగా ఉన్నప్పుడు అంచనా కష్టమవుతుంది. పైగా సముద్రం మీద కొలతలు తక్కువ. ఈరోజు చిన్న తేడా మూడో రోజుకు పెద్దదవుతుంది. మన వాతావరణ శాఖ అంచనాలో ఒక రోజు ముందైతే సగటున సుమారు 70-80 కిలోమీటర్ల తేడా వస్తుంది. మూడు రోజుల ముందైతే అది దాదాపు 150కి చేరుతుంది, అంటే మచిలీపట్నం నుండి కాకినాడకున్నంత దూరం! అందుకే పటంలో గీతకు ఇరువైపులా గరాటులా వెడల్పయ్యే భాగం గీస్తారు. తుపాను కేంద్రం అందులో ఎక్కడైనా ఉండవచ్చు.

2022 మే నెలలో వచ్చిన అసాని తుపాను తీరం తాకకుండా ఒడిశా వైపు మళ్లిపోతుందని మొదట అంచనా వేశారు. అది మే 11న బలహీనపడి, మచిలీపట్నం దగ్గరే తీరం దాటింది. శాఖవారు చివరి రోజుల్లో అంచనా మార్చి హెచ్చరించారు. అలా మార్చడాన్ని మాట తప్పడం అనుకోకూడదు.

మనకు ఇంకా ముఖ్యమైనది మరొకటుంది. ఆ గరాటు తుపాను కేంద్రానికే గాని వానకు కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు కుండపోత వాన పడింది, అక్కడికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండల్లో.

కాబట్టి లోతట్టున ఉన్న మనం తీరం ఎక్కడ దాటుతుందన్న వార్తతో ఆగక, మన జిల్లాకు ఇచ్చిన పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికను చూడాలి. తుపానుగా మారాక ప్రకటనలు మూడు గంటలకోసారి వస్తాయి. వాట్సాప్‌లో ఎవరైనా పంపిన పటమైతే, దాని మీద తేదీ, గంట ఉన్నాయో లేదో ముందు చూడండి. మొన్నటి పటాలు ఈరోజు కూడా తిరుగుతూనే ఉంటాయి.