ఏడాది ఖర్చును పన్నెండు భాగాలు చేద్దాం

ఉగాది నాడు హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా తెలుగువాళ్లు నలుగురు చేరితే పంచాంగ శ్రవణం ఉంటుంది. మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని అందరం చెవులు రిక్కించి వింటాం. ఆదాయం 2, వ్యయం 14 అని వస్తే పైకి నవ్వుకున్నా లోపల కాస్త దిగులు పడతాం. మరి సొంత ఇంటి ఆదాయ వ్యయాలను ఏడాది మొత్తానికీ కాగితం మీద రాసుకున్న ఇళ్లు మనలో ఎన్ని? పాలవాడి లెక్క, కిరాణా లెక్క రాసే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఏడాది లెక్క రాసే ఇళ్లు మాత్రం తక్కువ. మధ్యతరగతి ఇళ్లలో చాలా అప్పులు ఆ రాయని లెక్కలోంచే పుడుతున్నాయి. ఆ లెక్క ఎలా రాయాలో, దాని వల్ల ఎంత డబ్బు మిగులుతుందో సంఘం సభ్యులకూ పాఠకులకూ వివరించడానికే ఈ వ్యాసం.

అనుకోని ఖర్చు అంటే ఏది?

బియ్యం, పాలు, కూరగాయలు, గ్యాసు, కరెంటు, బస్సు ఛార్జీలు నెల నెలా ఉండేవే. వీటిని ఎలా సర్దాలో మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. కాఫీపొడి తగ్గించమనీ, కూరలు బేరమాడి కొనమనీ చెప్పడం వల్ల ఇప్పటికే పొదుపుగా నడిచే ఇంటికి కొత్తగా మిగిలేది కొంచెమే.

ఇంటిని కుదిపేవి వేరే ఉన్నాయి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు. ఇన్సూరెన్సు ప్రీమియం. ఇంటిపన్ను. పండగ బట్టలు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చదివింపులు. ఊరి ప్రయాణం. ఇవి వచ్చినప్పుడల్లా 'అనుకోని ఖర్చు వచ్చిపడింది' అంటాం. కానీ జూన్‌లో బడి తెరుస్తారని జనవరిలోనే తెలుసు. దీపావళి ఏ రోజో క్యాలెండరులో ఉంది. ప్రీమియం ఎంతో పాలసీ కాగితం మీదే ఉంది. ఇందులో అనుకోనిది ఏదీ లేదు. రాసుకోనిది మాత్రం చాలా ఉంది.

తరతరాలుగా పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. మన పండగలు మనకు ఉన్నాయి, ఉన్న ఊరి పండగలూ మనవే. తమిళనాడులో ఉగాదికీ బట్టలు కావాలి, దీపావళికీ కావాలి. షోలాపూరు పద్మశాలీలకు మార్కండేయ రథోత్సవం ఉంది. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. చుట్టాలు సరిహద్దుకు అవతల ఉంటారు కాబట్టి ఏ శుభకార్యానికి వెళ్లాలన్నా రైలు ఛార్జీ ముందు, చదివింపు తర్వాత.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు నెలకు 32,000 రూపాయలు వచ్చే ఇల్లు తీసుకుందాం. భార్యాభర్తలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. ఏడాదిలో విడిగా వచ్చే ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం.

బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు: 36,000
పండగలు, బట్టలు: 18,000
ఇన్సూరెన్సు ప్రీమియంలు (బండిది సహా): 15,000
ఊరి ప్రయాణాలు: 10,000
చదివింపులు: 9,000
ఇంటిపన్ను, నీటిపన్ను, మరమ్మతులు: 6,000
ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, పచ్చళ్ల సరుకు: 6,000
బండి సర్వీసు, టైర్లు: 4,000
కళ్లజోళ్లు, పళ్ల వైద్యం: 4,000

మొత్తం 1,08,000 రూపాయలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,000.

అంటే ఈ ఇంటి నెల ఆదాయం నిజానికి 32,000 కాదు, 23,000. మిగతా 9,000 చేతికి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, అప్పటికే బడికీ, పండక్కీ, ఇన్సూరెన్సుకూ రాసిపెట్టి ఉన్న డబ్బు అది. ఫిబ్రవరిలో 'ఈ నెల కాస్త మిగిలింది' అనుకొని కొత్త ఫోన్ కొంటే, ఖర్చయింది జూన్ నెల ఫీజు డబ్బే.

నేను గుమాస్తాగా పనిచేసిన ఆఫీసులో ఏప్రిల్‌లోనే ఏ పద్దుకు ఎంత అని కేటాయింపు జరిగేది. బిల్లు వచ్చాక డబ్బు కోసం వెతుక్కోవడం ఉండేది కాదు. ఇంటికీ అదే పద్ధతి సరిపోతుంది.

ముందు కట్టినా మూడు వేలే, తర్వాత కట్టినా మూడు వేలే

ఫీజు ఒక్కటే తీసుకుని చూద్దాం. జూన్‌లో 36,000 కావాలి. చేతిలో లేదు. నగ తాకట్టు పెట్టో, తెలిసినవాళ్ల దగ్గరో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు రూపాయలంటే చిన్నమాటగా వినిపిస్తుంది, కానీ అది నెలకు. ఏడాదికి 24 శాతం. నెలకు 3,000 చొప్పున అసలు తీరుస్తూ పోతే మొదటి నెల వడ్డీ 720, రెండో నెల 660, అలా తగ్గుతూ ఆఖరి నెలకు 60. పన్నెండు నెలల వడ్డీ కూడితే 4,680 రూపాయలు. ఆ అప్పు తీరేసరికి మళ్లీ జూన్ వస్తుంది, మళ్లీ అప్పు.

అదే 3,000 ఏడాది ముందు నుంచి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా కట్టారనుకోండి. ఏడాదికి 6 శాతం వడ్డీ లెక్కన పన్నెండు నెలలకు సుమారు 1,170 రూపాయలు మనకే వస్తుంది.

రెండు ఇళ్లూ నెలకు 3,000 చొప్పునే కట్టాయి. రెండిళ్ల పిల్లలూ అదే బడిలో చదివారు. ఒక ఇల్లు 4,680 పోగొట్టుకుంది, ఇంకొక ఇల్లు 1,170 సంపాదించింది. తేడా 5,850 రూపాయలు. ఇందులో ఎవరూ కడుపు మాడ్చుకోలేదు. మారింది వరస ఒక్కటే. ఒకరు ఖర్చుకు ముందు కట్టారు, ఒకరు తర్వాత కట్టారు. మొత్తం 1,08,000 మీద ఇలా ముందువెనకలైతే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. క్రెడిట్ కార్డు మీద బాకీ మిగిలితే వడ్డీ ఇంతకన్నా ఎక్కువే. నెలకు 3 శాతం దాటేవి చాలా ఉన్నాయి.

డబ్బు కన్నా పెద్ద నష్టం నగల విషయంలో జరుగుతుంది. ఫీజు కోసం పెట్టిన గాజులను ఏడాది తిరిగేసరికి విడిపించలేక, వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తారు. రెండు మూడేళ్లు అలా నడిచి, ఒక ఏడాది వడ్డీ కూడా కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది. పుట్టింటివాళ్లు పెట్టిన నగ బడి ఫీజు కింద పోయిన ఇళ్లు మన మధ్యే ఉన్నాయి.

చేతిలో డబ్బు ఉంటే తగ్గింపులూ దొరుకుతాయి

ముందుగా కూడబెట్టిన ఇంటికి ఇంకో లాభం ఉంది. ఎల్‌ఐసీ పాలసీల్లో చాలావాటికి నెలనెలా కాకుండా ఏడాదికి ఒకేసారి కడితే ప్రీమియం కొంత తగ్గుతుంది. కర్ణాటక పట్టణాల్లో ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం తగ్గింపు ఉంది. తమిళనాడు పట్టణాల్లో అర్ధ సంవత్సరం మొదలైన 30 రోజుల లోపు కడితే 5 శాతం ప్రోత్సాహకం ఇస్తున్నారు.

రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంటే సంక్రాంతి ప్రయాణానికి నవంబరు రెండో వారంలోనే డబ్బు చేతిలో ఉండాలి. లేకపోతే తత్కాల్ అయినా, ప్రైవేటు బస్సు అయినా అదనంగా పెట్టక తప్పదు. కందిపప్పు కొత్త పంట కలబురగి వైపు నుంచి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య మార్కెట్టుకు వస్తుంది. కొత్త చింతపండు ఎండాకాలం మొదట్లో వస్తుంది. రెండు మూడు ఇళ్లు కలిసి బస్తా తెచ్చుకుని పంచుకుంటే చిల్లర ధర కన్నా నయం. ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే. ఆ సమయానికి డబ్బు చేతిలో లేకే చేయలేకపోతున్నాం.

ఆ డబ్బు ఎక్కడ ఉంచాలి?

పోపుల డబ్బాలో దాచడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్న మంచి అలవాటే. కానీ అక్కడ వడ్డీ రాదు, అవసరం పడితే చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది.

ఫీజు, ప్రీమియం లాంటి పెద్ద మొత్తాలకు బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్ అనుకూలం. మే నెలలో మొదలుపెడితే వచ్చే మే నెలకు, అంటే బడి తెరిచే ముందు చేతికి వస్తుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టవచ్చు గానీ, దాని గడువు ఐదేళ్లు. ఏడాది ఖర్చులకు అది కుదరదు, అమ్మాయి పై చదువు లాంటి దూరపు అవసరాలకు పనికొస్తుంది. పండగలు, చదివింపులు లాంటి చిన్న ఖర్చులకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా చాలు. ఆ ఖాతాను ఫోన్‌పే, గూగుల్‌పేలకు జతచేయకండి. నామినీ పేరు తప్పక రాయించండి. బ్యాంకులో వేసిన డబ్బుకు ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా ఉంది.

మరి చీటీలు? రిజిస్టరైన చీటీ తప్పేమీ కాదు, కానీ దాని లెక్క తెలియాలి. 20 మంది, నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చీటీ అనుకోండి. రెండో నెలలో అవసరం పడి 25,000 తోసి పాడితే చేతికి వచ్చేది 75,000. ఆ 25,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగతా 20,000 ఇరవై మందికీ వెయ్యి చొప్పున పంచుతారు. ఆఖరి దాకా ఆగినవారికి చీటీ పొదుపు, మొదట్లోనే పాడినవారికి అది అప్పు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీకి ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. 2019 సవరణ తర్వాత కమీషన్ 7 శాతానికి మించకూడదు. ఒప్పందం నకలు అడిగి తీసుకోండి. ఇవ్వనివాళ్ల దగ్గర చేరవద్దు.

తమిళనాడులో వీధి వీధినా నడిచే దీపావళి చీటీల సంగతి జాగ్రత్త. నెల నెలా కడితే పండక్కి మిఠాయిలు, వెండి, బంగారం ఇస్తామంటారు. చాలావాటికి రసీదు తప్ప ఏ ఆధారమూ ఉండదు. నగల కొట్లలో 11 నెలల పథకాలు బంగారం కొనదలచినవారికి సరే, కానీ అది కొట్టుకు ముందుగా ఇచ్చే సొమ్మే. దానికి బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న బీమా ఉండదు. ఫీజు డబ్బు అక్కడ పెట్టకూడదు.

ఇప్పటికే అప్పులో ఉన్నవాళ్లు

'నెలకు 9,000 ఎక్కడి నుంచి తెస్తాం?' అని అడుగుతారు. మొదటి ఏడాదే మొత్తం కుదరదు. పట్టికలో ఒక్క ఖర్చుతో మొదలుపెట్టండి. ఏది అప్పు తెప్పిస్తుందో దాన్నే ముందు పట్టుకోండి. ఎక్కువ ఇళ్లలో అది బడి ఫీజే.

పాత అప్పు వాయిదా నడుస్తుంటే అది తీరనివ్వండి. తీరిన మరుసటి నెల నుంచి అదే మొత్తాన్ని అదే తేదీన మీ డిపాజిట్‌కు కట్టండి. ఆ డబ్బు లేకుండా బతకడం ఇంటికి అప్పటికే అలవాటైంది కాబట్టి కొత్త కష్టం ఉండదు. బోనస్ వచ్చే ఉద్యోగులకు అది ఇంకో దారి. చట్టం చెప్పే కనీస బోనస్ 8.33 శాతం, అంటే పన్నెండో వంతు. అందులో సగమైనా దీపావళి దుకాణాలకు వెళ్లేలోపు పక్కన పెడితే ఒక పద్దు తీరిపోతుంది.

షోలాపూరు, భివండి మగ్గాల పనివారికి, బీడీ కార్మికులకు కూలి వారం వారం వస్తుంది. అలాంటి ఇళ్లు ఏడాది మొత్తాన్ని 50తో భాగించుకోవాలి. పని లేని రెండు వారాలు వదిలేయవచ్చు. 36,000 ఫీజు వారానికి 720 అవుతుంది. కూలి అందిన రోజే పక్కకు తీయాలి.

పట్టిక ఇంటిల్లిపాదీ కూర్చుని రాయాలి

ఈ పట్టిక భర్త ఒక్కడూ రాసినా, భార్య ఒక్కతే రాసినా నిలవదు. అత్తగారు, మామగారు ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టుకోండి. ఏ పండక్కి ఎవరికి బట్టలు పెట్టాలో, ఏ చుట్టానికి ఏం బాకీ ఉన్నామో వాళ్లకే తెలుసు. మన పెళ్లిళ్లలో చదివింపులు పుస్తకంలో రాస్తాం. మళ్లీ వాళ్లింటి శుభకార్యానికి వెళ్లేముందు ఆ పుస్తకం తీసి చూస్తాం. అంత పద్ధతిగా లెక్క రాసే మనకు ఇంటి ఏడాది పట్టిక రాయడం కష్టం కాదు.

తగ్గించుకోవలసింది ఏదైనా ఉంటే పట్టిక రాసేటప్పుడే మాట్లాడుకోండి. పండగ బట్టలు ఏడాదికి రెండుసార్లు చాలా, మూడుసార్లు కావాలా అన్నది జనవరిలో తేల్చుకుంటే మాటగా పోతుంది. దీపావళి ముందురోజు తేల్చుకోబోతే తగాదా అవుతుంది. పిల్లలు పదేళ్లు దాటినవారైతే వాళ్ల ఫీజు ఎంతో వాళ్లకూ చూపించండి.

గత ఏడాది బ్యాంకు పాసుబుక్కు, ఫీజు రసీదులు, ప్రీమియం రసీదులు, చదివింపుల పుస్తకం, ఒక క్యాలెండరు దగ్గర పెట్టుకుంటే ఒక ఆదివారం పూట ఈ పని పూర్తవుతుంది. కూడి, పన్నెండుతో భాగించి, వచ్చిన అంకెను క్యాలెండరు మొదటి పేజీ మీద రాయండి. జీతం పడిన రోజు ఆ అంకెలో ఎంత కుదిరితే అంత పక్కకు తీసి, ఆ తర్వాతే నెల ఖర్చు మొదలుపెట్టండి.