మారుమనువు – పిల్లల మనోవర్తి

విడాకులైన తరువాత తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొత్త భర్తది మంచి ఉద్యోగం. "ఇక పిల్లవాణ్ణి వాళ్ళే చూసుకుంటారులే" అని కన్నతండ్రి డబ్బు పంపడం మానేశాడు. బడిలో పనిచేసే మావంటివారికి ఇలాంటి సంగతి ఫీజు గడువు దాటినప్పుడు తెలుస్తుంది. ఆ తండ్రి మాట చెల్లుతుందా?

చెల్లదు. మొదట ఒక తేడా గమనించండి. భార్యకిచ్చే మనోవర్తి వేరు, బిడ్డకిచ్చే మనోవర్తి వేరు. విడాకులు పొందిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడితే మాజీ భర్త నుంచి తనకోసం అడిగే హక్కు పోతుంది. బిడ్డ హక్కు మాత్రం పోదు. హిందువులకు వర్తించే 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఆ భారాన్ని కన్నతల్లి, కన్నతండ్రి ఇద్దరిమీదా పెట్టింది. అన్ని మతాలవారికీ వర్తించేది క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లోని 125వ సెక్షను. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను వచ్చింది. ఇందులోనూ ఎవరి బిడ్డను వారే పోషించాలని ఉంది. మారుతండ్రి ప్రేమతో పెడితే సంతోషమే, కాని అది అతని బాకీ కాదు. చట్టప్రకారం దత్తత తీసుకుంటే మాత్రం సంగతి మారుతుంది.

మరి తల్లికి స్వంత జీతం ఉంటే? అది లెక్కలోకి వస్తుంది. 2000లో ఒక కేసులో సుప్రీంకోర్టు పిల్లల ఖర్చును తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలని వారి జీతాలను బట్టి తేల్చింది.

ఇక తండ్రే మారుమనువు చేసుకున్నాడనుకోండి. కొత్త భార్య జీతం నుంచి బిడ్డకు ఇమ్మని కోర్టు అనదు. అయితే ఇంటి అద్దె ఆమే కడుతుంటే, తండ్రి జీతంలో మిగులు ఎక్కువని మీరు వాదించవచ్చు. రెండో సంసారంలో పిల్లలు పుడితే ఆ ఖర్చునూ కోర్టు చూస్తుంది. కాని మొదటి బిడ్డను వదిలేయడానికి అది కారణం కాదు. "నాకు సంపాదన లేదు" అన్నా కుదరదు. ఒళ్ళు బాగున్న మనిషి కూలి చేసైనా పోషించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉభయులూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసివ్వాలని 2020లోనే ఆదేశించింది.

పరిస్థితి మారితే మొత్తాన్ని మార్చమని కోర్టును అడగాలి, అంతేగాని తనంతట తాను ఆపకూడదు. 144వ సెక్షను కింద వచ్చిన ఉత్తర్వు ప్రకారం డబ్బు రాకపోతే, బాకీ పడిన నాటినుంచి ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు పెట్టండి. ఈ గడువు చాలామందికి తెలియదు.

మన హోసూరులో పెళ్ళిసంబంధాలు చిత్తూరుకూ, బెంగళూరుకూ పోతుంటాయి. 144వ సెక్షను మాత్రం మూడుచోట్లా ఒకటే. పెద్దమనుషుల పంచాయితీలో తల్లి "మాకేమీ వద్దు" అని సంతకం పెట్టినా, బిడ్డ హక్కు దానితో తీరిపోదు. కాగితం తమిళంలోనో కన్నడంలోనో ఉంటే చదివించుకొని, అర్థమయ్యాకే సంతకం చేయండి. స్త్రీలకూ, పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇప్పించడానికి జిల్లా న్యాయసేవల సంస్థ ఉంది. అక్కడికి వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి. అడిగేది మీకోసం కాదు, బిడ్డ కోసం.